కాంతిని దాటేవి చాలా ఉన్నాయి, కబురు మోసేది ఒక్కటీ లేదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కాంతి కంటే వేగంగా ఏదీ వెళ్లలేదని మీ లెక్చరర్ చెప్పారు. యూట్యూబ్‌లో ఒకాయన మాత్రం గెలాక్సీలు కాంతి కంటే వేగంగా దూరమవుతున్నాయనీ, ఎంటాంగిల్‌మెంట్‌లో (జతగా పుట్టిన కణాలు ఎంత దూరంలో ఉన్నా వాటి మధ్య ఉండే పొంతన) సమాచారం క్షణంలో చేరిపోతుందనీ, 2011లో కాంతిని దాటిన కణాలు దొరికాయనీ చెప్పాడు. మీ తాతగారేమో మనోవేగం ముందు కాంతివేగం ఏపాటిదని తేల్చేశారు. వీళ్లలో ఎవరి మాట నిజం? దాంతోపాటు మీ కాలేజీ ల్యాబ్‌లో కాంతి వేగం కొలిచే ప్రాజెక్టు మొదలుపెడుతున్నానని, సలహా ఇవ్వమని కూడా రాశారు. ప్రాజెక్టు సంగతి చివర్లో చెప్తాను.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడిగేవారు. మొదట్లో నేనూ మీ లెక్చరర్ గారిలాగే "ఏదీ వెళ్లదు" అని ఒక్క ముక్కలో ముగించేసేవాణ్ణి. కొన్నాళ్లకు ఆ "ఏదీ" అన్న మాటే గొడవంతా తెస్తోందని అర్థమైంది. కాంతిని దాటే వేగాలు లోకంలో చాలా ఉన్నాయి. ఒకదాన్ని మీరు ఈ రాత్రి డాబా మీద నిలబడి పుట్టించవచ్చు కూడా. దాటలేనిది కబురు. ఇక్కడ మీరు చేసిన పనికి అక్కడ ఏదైనా ఒకటి మారాలంటే, ఆ మార్పు కాంతి కంటే ముందు జరగదు. అక్కడ ఒక బల్బు వెలిగినా, ఒక రాయి కదిలినా, ఒక మనిషి మనసు మారినా అంతే. మీరు విన్న ప్రతి ఉదాహరణనూ "ఇది కబురు మోస్తుందా?" అని అడిగి చూడండి, సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

కబురు ఆలస్యం ఎలా ఉంటుందో మన ఇస్రో వాళ్లను అడగాలి. శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్, 2014 సెప్టెంబరు 24 ఉదయం అంగారకుణ్ణి చేరింది. కక్ష్యలో పడాలంటే ఇంజిన్ సుమారు 24 నిమిషాలు మండాలి. 7 గంటల 17 నిమిషాలకు అక్కడ ఇంజిన్ వెలిగింది. వెలిగిందన్న సంగతి బెంగళూరుకు 7:30కి తెలిసింది. మధ్యలో ఉన్న పన్నెండున్నర నిమిషాలూ రేడియో తరంగం దారిలో ఉంది, అదీ కాంతివేగంతోనే వస్తూ. ఈ లోపు ఏదైనా తేడా వచ్చినా ఇక్కడివాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ఆదేశాలన్నీ కొన్ని రోజుల ముందే నౌకలోకి ఎక్కించి పెట్టారు. మంగళయాన్ తన పని తానే చేసుకుంది. ఇంజనీర్లు ఎంత గొప్పవాళ్లైనా ఆ పన్నెండున్నర నిమిషాల్లో ఒక్క సెకను కూడా తగ్గించలేరు.

ఇక అంకె. శూన్యంలో కాంతి సెకనుకు 29,97,92,458 మీటర్లు పోతుంది. చివర దశాంశాలు లేవేమిటా అనుకుంటారేమో. 1983లో మీటరు నిర్వచనాన్నే తిరగరాశారు: కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరమే మీటరు. కాబట్టి ఇప్పుడెవరైనా "కాంతి వేగాన్ని కొలిచాం" అంటే నిజానికి తమ స్కేలునూ గడియారాన్నీ సరిచూసుకున్నారన్నమాట. మీ ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, వైవాలో అడుగుతారు.

"కాంతివేగం" అన్న పేరు కూడా కొంత దారి తప్పిస్తుంది. ఇదేదో కాంతికి మాత్రమే ఉన్న ప్రత్యేక గుణం అనిపిస్తుంది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంగతి మనకు రెండు దారుల్లో చేరింది. ముందు గురుత్వ తరంగం (స్థలకాలంలో పుట్టే అల) వచ్చింది, 1.7 సెకన్ల తర్వాత గామా కిరణాలు వచ్చాయి. అవి బయలుదేరిన చోటు సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. అన్ని కోట్ల ఏళ్ల ప్రయాణంలో ఇద్దరి మధ్యా తేడా రెండు సెకన్లు కూడా లేదు. ఆ కాస్త తేడా కూడా బహుశా గామా కిరణాలు ఆలస్యంగా బయలుదేరడం వల్లే. అంటే గురుత్వానికీ ఇదే హద్దు. ఇది స్థలకాలాలకు ఉన్న వేగం, కాంతి దాన్ని మొదట మనకు చూపించింది కాబట్టి పేరు దానికి దక్కింది.

ఇప్పుడు డాబా మీదికి రండి. చేతిలో ఒక మంచి లేజర్ ఉందనుకోండి, చంద్రుడి మీద మచ్చ కనిపించేంత శక్తివంతమైనది. దాన్ని చంద్రుడి ఒక అంచు మీద పెట్టి, మణికట్టును చటుక్కున తిప్పి రెండో అంచుకు తీసుకెళ్లండి. మన కంటికి చంద్రుడు అర డిగ్రీ వెడల్పు ఉంటాడు, అంత కోణం తిప్పడానికి సెకనులో వందో వంతు చాలు. అక్కడ మచ్చ కదిలిన దూరం చంద్రుడి వ్యాసం, 3,474 కిలోమీటర్లు. అంటే సెకనుకు 3,47,400 కిలోమీటర్ల వేగం. కాంతిని దాటేశారు!

ఏ సిద్ధాంతమూ కూలిపోలేదు. మొక్కలకు పైపుతో నీళ్లు పోస్తూ చేతిని గిర్రున తిప్పండి. నీళ్లు పడే చోటు ఈ మొక్క నుంచి ఆ మొక్కకు ఎంతో వేగంగా మారుతుంది, కానీ ఏ నీటి చుక్కా ఈ మొక్క మీద నుంచి ఆ మొక్కకు పోలేదు. ప్రతి చుక్కా పైపు నుంచే వచ్చింది. లేజరూ అంతే. చంద్రుడి ఎడమ అంచున ఒకాయన, కుడి అంచున ఇంకొకాయన కూర్చుని ఉంటే, ఎడమవైపు ఆయన ఆ మచ్చకు చీటీ కట్టి కుడివైపుకు పంపలేడు. కబురు ఇద్దరికీ మీ డాబా నుంచే వచ్చింది, అదీ సెకనున్నర లోపు కాంతివేగంతో. నీడల పరుగు, రెండు కత్తెర రేకులు కలిసే బిందువు పరుగు, ఇవన్నీ ఇదే కోవలోవి.

ఈ మాట చెప్పగానే క్లాసులో ఎవరో ఒకరు లేచి, "సార్, చంద్రుడి దాకా ఒక ఇనుప కడ్డీ వేసి ఈ చివర నెడితే ఆ చివర వెంటనే కదులుతుంది కదా" అనేవారు. చాలా మంచి ప్రశ్న, నాకు ఇష్టమైన ప్రశ్న. కడ్డీ అంటే గట్టి ముక్క అని మనం అనుకుంటాం, అణువుల దృష్టిలో అది ఒకరినొకరు తోసుకునే జాతర క్యూ. మీరు నెట్టింది మొదటి వరసను. ఆ తోపు వరసగా ముందుకు పాకాలి, పాకే వేగం ఉక్కులో ధ్వని వేగం, సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు. చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. లెక్క వేస్తే దాదాపు 21 గంటలు. ఈ పూట కాఫీ తాగి కడ్డీని నెడితే ఆ చివర కదిలేసరికి మర్నాడు తెల్లవారుజాము అవుతుంది. అంతకంటే ఫోన్ చేయడం మేలు, 1.3 సెకన్లలో వింటారు.

సరే, నీడలూ మచ్చలూ వద్దు, నిజమైన వస్తువును కాంతిని దాటేలా తోయలేమా? తోసి చూశారు. 1964లో అమెరికాలో విలియం బెర్టోజీ అనే శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగం నాకు తెలిసినంతలో అన్నిటికంటే నిజాయితీ ఉన్నది. ఎలక్ట్రాన్లకు అంతకంతకూ ఎక్కువ శక్తి ఇస్తూ, 8.4 మీటర్ల దూరం దాటడానికి ఎంతసేపు పట్టిందో కొలిచాడు. చివర్లో వాటిని ఒక అల్యూమినియం బిళ్లలో ఆపి, బిళ్ల ఎంత వేడెక్కిందో కూడా చూశాడు. ఇచ్చిన శక్తి నిజంగా ఎలక్ట్రాన్లలోకి వెళ్లిందా అన్న అనుమానం మిగలకూడదని. గరిష్ఠంగా ఒకటిన్నర కోటి ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఇచ్చాడు. న్యూటన్ లెక్క ప్రకారం అయితే అవి కాంతి కంటే ఏడున్నర రెట్ల పైన పరుగెత్తాలి. వేడి పూర్తిగా వచ్చింది, వేగం మాత్రం కాంతివేగం దగ్గరే ఆగిపోయింది.

జెనీవా దగ్గర కణాలను పరుగెత్తించే భారీ యంత్రం ఎల్‌హెచ్‌సీలో ఈ పిసినారితనం ఇంకా బాగా కనిపిస్తుంది. ప్రోటాన్లు పెద్ద వలయంలోకి వచ్చేసరికే కాంతి కంటే సెకనుకు సుమారు 650 మీటర్లు మాత్రమే వెనకబడి ఉంటాయి. అక్కడి నుంచి వాటి శక్తిని పదిహేను రెట్లు చేస్తారు. అంత ఖర్చుకూ ఫలితం? ఆ 650 మీటర్ల లోటు 3 మీటర్లకు తగ్గుతుంది. అంటే కాంతి వాటి కంటే ముందుకు జరిగేది తీరుబడిగా సైకిల్ తొక్కేంత వేగంతో. ఆ సైకిల్‌ను కూడా అందుకోవాలంటే అనంతమైన శక్తి కావాలి. "వేగం పెరిగితే ద్రవ్యరాశి పెరుగుతుంది" అని పాత పుస్తకాల్లో ఉంటుంది, మీరూ చదివే ఉంటారు. ఆ మాట ఈ రోజుల్లో భౌతిక శాస్త్రవేత్తలు పెద్దగా వాడరు. శక్తి పెరుగుతుంది, వేగం పెరగడానికి చోటు లేదు, అంతే. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఉన్నదే రాయండి, మార్కుల దగ్గర గొడవ పెట్టుకోవద్దు.

ఇంతవరకూ చదివాక మీకు ఒకటి అనిపించాలి. శక్తి చాలకపోవడం అనేది మన ఇంజనీరింగ్ ఇబ్బందే కదా, ఎప్పుడో ఎవరో మార్గం కనిపెట్టవచ్చు కదా అని. ధ్వని వేగాన్ని దాటలేమనుకున్నాం, దాటాం. ఇదీ అంతే కావచ్చు కదా? కాదు. అసలు అడ్డం వేరే చోట ఉంది, దాన్ని ఒక లెక్కతో చెప్తాను.

అక్క భూమి మీద ఉంది. తమ్ముడు మధ్యాహ్నం 12 గంటలకు అంతరిక్ష నౌకలో కాంతివేగంలో 80 శాతం వేగంతో బయలుదేరాడు. ఇద్దరి దగ్గరా ఒక మాయ ఫోను ఉంది, కబురు ఆ క్షణమే చేరుస్తుంది. ఈ వేగంలో ఎదుటివారి గడియారం మన గంటకు 36 నిమిషాలే తిరుగుతున్నట్టు ఉంటుంది, ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన లెక్క ఇదే. ఇందులో మెలిక ఏమిటంటే ఇది ఇద్దరికీ సమానం. అక్క దృష్టిలో తమ్ముడి గడియారం నెమ్మది, తమ్ముడి దృష్టిలో కదిలిపోతున్నది అక్కే కాబట్టి ఆమె గడియారమే నెమ్మది. ఏ ఒక్కరూ తప్పు కాదు.

రాత్రి 10 గంటలకు అక్క ఫోన్ చేసి "అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆమె లెక్కలో పది గంటలు గడిచాయి, కాబట్టి తమ్ముడి గడియారంలో ఆరు గంటలు. అతనికి సాయంత్రం 6కి ఫోన్ మోగింది. వెంటనే "తిన్నానక్కా" అని జవాబు పంపాడు. "ఆ క్షణమే" అంటే ఇప్పుడు అతని దృష్టిలో ఆ క్షణం. అతనికి ఆరు గంటలు గడిస్తే, అక్క గడియారంలో గడిచింది ఆరు గంటల్లో గంటకు 36 నిమిషాల చొప్పున 3 గంటల 36 నిమిషాలు. అంటే జవాబు అక్కకు మధ్యాహ్నం 3:36కి చేరుతుంది. రాత్రి 10కి అడగబోయే ప్రశ్నకు ఆ మధ్యాహ్నమే జవాబు వచ్చింది! జవాబు చూసుకుని ఆమె "ఎలాగూ తిన్నాడుగా" అని అసలు ఫోనే చేయకపోతే? మరి తమ్ముడు దేనికి జవాబు పంపాడు?

నేను క్షణంలో చేరే ఫోను తీసుకున్నది లెక్క తేలిక కోసం. కాంతి కంటే కాస్త ఎక్కువ వేగమున్న ఫోనైనా, దానికి తగిన నౌకను ఎంచుకుంటే ఇదే గతి పడుతుంది. కాంతిని దాటిన కబురు ఎవరో ఒకరి దృష్టిలో బయలుదేరక ముందే చేరుతుంది. అడ్డం ఇంజిన్ శక్తిలో లేదు. కారణం ముందు, ఫలితం తర్వాత అన్న వరస తారుమారవుతుంది, అదే అడ్డం. ధ్వని వేగాన్ని దాటితే ఇలాంటిదేమీ జరగదు. అందుకే ఆ పోలిక ఇక్కడ పనికిరాదు.

ఈ చిక్కంతా తెలిసి కూడా, మన దేశంవాడే ఒకాయన తలుపు తట్టి చూశాడు. కేరళకు చెందిన ఇ.సి.జి. సుదర్శన్, బిలానియుక్, దేశ్‌పాండేలతో కలిసి 1962లో ఒక వ్యాసం రాశారు. కాంతిని దాటడం కష్టమైతే, పుట్టుకతోనే కాంతిని మించిన వేగం ఉన్న కణాలు ఎందుకు ఉండకూడదన్నది వాళ్ల ప్రశ్న. గోడ దూకక్కర్లేదు, మొదటి నుంచీ గోడకు అవతలే ఉంటాయి. 1967లో ఫైన్‌బర్గ్ వాటికి టాకియాన్లు అని పేరు పెట్టాడు. వాటి లెక్క విచిత్రం: శక్తి కోల్పోయే కొద్దీ వేగం పెరుగుతుంది, వాటిని కాంతివేగానికి తగ్గించాలంటే అనంత శక్తి కావాలి. ఇన్నేళ్లలో ఒక్క టాకియాన్ కూడా దొరకలేదు. దొరకకపోయినా ఆ ప్రశ్న వేయడం గొప్ప ధైర్యం అనే నేను అనుకుంటాను.

నీళ్లలో మాత్రం కాంతిని దాటడం రోజూ జరిగే పనే. మనం హద్దు అన్నది శూన్యంలోని కాంతివేగాన్ని. నీళ్లలో కాంతి సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లకు పడిపోతుంది. రియాక్టర్‌లో పుట్టే ఎలక్ట్రాన్లు అంతకంటే వేగంగా పోగలవు. విమానం ధ్వనిని దాటినప్పుడు ఢాం అన్న మోత పుట్టినట్టే, ఇక్కడ నీలి వెలుగు పుడుతుంది. 1934లో చెరెంకోవ్ దీన్ని గమనించాడు, 1958లో నోబెల్ వచ్చింది. ముంబైలోని ట్రాంబేలో 1956లో మొదలైన రియాక్టర్ నీటి కొలనులో ఉండేది. ఆ నీలి మెరుపు చూసే నెహ్రూ దానికి "అప్సర" అని పేరు పెట్టారని చెప్తారు. గాలిలోనూ ఇది జరుగుతుంది, అక్కడ కాంతి తగ్గేది సెకనుకు 90 కిలోమీటర్లే అయినా. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,300 మీటర్ల ఎత్తున, 21 మీటర్ల వెడల్పు అద్దంతో "మేస్" అనే దూరదర్శిని ఉంది, 2024 అక్టోబరులో ప్రారంభించారు. అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణాలు గాలిలో పుట్టించే కణాల నీలి మెరుపును పట్టడమే దాని పని. దాన్ని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) కోసం తయారు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్.

ఇక 2011 సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది నాకు సొంత గాయాన్ని గుర్తు చేస్తుంది.

ఆ సెప్టెంబరు 23న క్లాసుకు వెళ్లేసరికి పిల్లలు హడావిడిగా ఉన్నారు, మర్నాడు పేపర్లు పట్టుకుని స్టాఫ్ రూముకే వచ్చేశారు. జెనీవా దగ్గరి సెర్న్ ల్యాబ్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింది ల్యాబ్‌కు, భూమి గుండా 730 కిలోమీటర్లు న్యూట్రినోలను (దేన్నైనా ఆగకుండా దాటిపోయే అతి తేలికైన కణాలను) పంపితే, కాంతి కంటే 60 నానోసెకన్లు ముందు చేరాయని ఒపెరా అనే ప్రయోగ బృందం ప్రకటించింది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. ఆ 60 నానోసెకన్లలో కాంతి పోయేది 18 మీటర్లు. అంటే 730 కిలోమీటర్ల పందెంలో న్యూట్రినో 18 మీటర్ల తేడాతో గెలిచింది. మూడేళ్ల కొలతలు, దాదాపు 16,000 న్యూట్రినోలు, దూరం 20 సెంటీమీటర్ల కచ్చితత్వంతో. గాలివాటు మాట కాదు.

"సార్, ఐన్‌స్టీన్ తప్పా?" అన్నారు. నేను బోర్డు మీద ఒక్క లెక్క వేశాను. 1987 ఫిబ్రవరిలో పక్క గెలాక్సీలో ఒక నక్షత్రం పేలింది, దూరం సుమారు 1,68,000 కాంతి సంవత్సరాలు. దాని న్యూట్రినోలు పాతిక దాకా జపాన్, అమెరికా, రష్యా డిటెక్టర్లలో పడ్డాయి. వెలుగు కంటే సుమారు మూడు గంటలు ముందు వచ్చాయి, అదీ నక్షత్రం లోపలి నుంచి వెలుగు బయటపడటానికి సమయం పట్టింది కాబట్టి. ఒపెరా చెప్పిన వేగమే నిజమైతే అవి నాలుగేళ్ల ముందు రావాలి! "కాబట్టి ఎక్కడో ఏదో కేబుల్ తేడా అయి ఉంటుంది" అన్నాను. పిల్లలు నవ్వారు. నేనేమీ జోస్యం చెప్పలేదు, నా అనుభవం చెప్పాను.

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు, మీరు ఇప్పుడు మొదలుపెడుతున్న కాంతివేగం ప్రయోగమే చేశాను. ఒక ఎల్‌ఈడీ నుంచి వెలుగు పల్స్, ఆరు మీటర్ల దూరంలో అద్దం, తిరిగి వచ్చాక ఫోటో డయోడ్, వెళ్లిన, వచ్చిన సిగ్నళ్ల సమయాలు తెర మీద చూడటానికి ఆసిలోస్కోపు. వెలుగు వెళ్లి వచ్చే దారి 12 మీటర్లు, 40 నానోసెకన్లు రావాలి. నాకు 35 వచ్చింది. వేగం సెకనుకు 3 లక్షల 43 వేల కిలోమీటర్లు! రెండు రోజులు నిద్ర పట్టలేదు, టెన్షన్ కాదు, గర్వం. మూడో రోజు మా ల్యాబ్ అటెండరు బల్ల కింద చూసి, "బాబూ, ఈ వైరు ఆ వైరు కంటే పొడుగుంది" అన్నాడు. పల్స్ బయలుదేరిందని స్కోపుకు చెప్పే కేబుల్, తిరిగి వచ్చిందని చెప్పే కేబుల్ కంటే సరిగ్గా ఒక మీటరు పొడుగు. కేబుల్‌లో సిగ్నల్ మీటరుకు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. బయలుదేరిన కబురు 5 నానోసెకన్లు లేటుగా అందితే, ప్రయాణం అంత తక్కువ అనిపిస్తుంది.

గ్రాన్ సాసోలో జరిగిందీ దాదాపు ఇదే, సైజు మాత్రం పెద్దది. జీపీఎస్ సమయాన్ని భూగర్భంలోని గడియారానికి తీసుకెళ్లే ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్ పూర్తిగా బిగియలేదు. వదులుగా ఉన్నందువల్ల వెలుగు తగ్గి, సిగ్నల్‌ను గుర్తించడం సుమారు 70 నానోసెకన్లు ఆలస్యమైంది. గడియారం వెనకబడింది, న్యూట్రినోలు ముందు వచ్చినట్టు కనిపించాయి. ఇంకో చిన్న లోపం గడియారం లోపలి ఆసిలేటర్‌లో దొరికింది, అది వ్యతిరేక దిశలో లాగింది. దీన్ని నిర్ధారించిన తీరు నాకు భలే నచ్చుతుంది. అదే ల్యాబ్‌లో ఎల్‌వీడీ అనే మరో డిటెక్టర్ ఉంది. కొండ గుండా అడ్డంగా దూసుకొచ్చే మ్యూయాన్లనే కణాలు కొన్ని రెండు డిటెక్టర్లనూ దాటిపోతాయి. రెండు గడియారాల్లో వాటి సమయాలు పోల్చి చూస్తే, 2008 నడిమి నుంచి 2011 చివరి దాకా ఒపెరా గడియారం 70 నానోసెకన్ల పైన తేడా చూపిస్తూనే ఉంది. 2012 మార్చిలో పక్కనే ఉన్న ఇకారస్ ప్రయోగం న్యూట్రినోలు కాంతివేగంతోనే వస్తున్నాయని తేల్చింది. ఆ వేసవిలో అక్కడి నాలుగు డిటెక్టర్లూ అదే మాట అన్నాయి.

ఒపెరాను నడిపిన ఇద్దరు ఆ మార్చిలోనే పదవులు వదులుకున్నారు. నాకు వాళ్ల మీద జాలి ఉంది. ఐన్‌స్టీన్‌ను పడగొట్టామని వాళ్లు అనలేదు, మాకు తప్పు దొరకడం లేదు, మీరు వెతికి పెట్టండి అన్నారు. గొప్పలు పోయింది పత్రికలే.

గెలాక్సీల విషయంలో మీ యూట్యూబ్ ఆయన చెప్పింది నిజమే. దూరం ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాలకూ, దూరమయ్యే వేగం సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. 1,400 కోట్ల కాంతి సంవత్సరాలు దాటితే అది కాంతివేగాన్ని మించిపోతుంది. కానీ ఆ గెలాక్సీలు దేన్నీ దాటుకుని పరుగెత్తడం లేదు. వాము వేసిన పూరీ నూనెలో పొంగేటప్పుడు చూడండి. వాము గింజలు ఒకదానికొకటి దూరమవుతాయి, ఏ గింజా పిండి మీద నడవలేదు. పిండే సాగింది. విశ్వంలో అలా సాగేది స్థలమే. గెలాక్సీ పక్కనే వెళ్తున్న కాంతి కిరణాన్ని ఆ గెలాక్సీ ఎప్పటికీ ఓడించలేదు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లే అయినా మనం చూడగల విశ్వం అంచు ఇప్పుడు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉండటానికి కారణం కూడా ఈ సాగడమే.

ఎంటాంగిల్‌మెంట్ విషయంలో ఆయన పొరబడ్డాడు. జతగా పుట్టిన రెండు ఫోటాన్లలో (కాంతి కణాలు) ఒకటి హైదరాబాద్‌లో అక్క దగ్గర, ఒకటి షికాగోలో తమ్ముడి దగ్గర ఉన్నాయనుకోండి. కొలిస్తే వచ్చేవి రెండే జవాబులు, వాటిని బొమ్మ, బొరుసు అనుకుందాం. ఇలాంటి జతలు వేలకొద్దీ కొలిచి ఇద్దరూ నోట్‌బుక్కుల్లో రాసుకుంటారు. అక్క పుస్తకంలో బొమ్మ, బొరుసు, బొరుసు, బొమ్మ, ఏ వరసా లేకుండా. తమ్ముడి పుస్తకంలోనూ అంతే. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే పొంతన బయటపడుతుంది. ఆ పొంతన ముందే నిర్ణయమైపోయిన మామూలు జత చెప్పుల లాంటిది కాదని 1964లో జాన్ బెల్ చూపించిన లెక్క, తర్వాతి ప్రయోగాలు రుజువు చేశాయి. వాటికే ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది. అది నిజంగా వింతే, నాకు ఇప్పటికీ వింతే. కానీ బొమ్మ పడాలా బొరుసు పడాలా అన్నది అక్క చేతిలో లేదు, కాబట్టి తను కోరుకున్న కబురును అందులో పెట్టలేదు. పక్కపక్కన పెట్టి చూడాలంటే ఫోనో, ఈమెయిలో, విమానమో కావాలి. అవన్నీ కాంతికి లోబడ్డవే.

సినిమాల్లో నౌకలను కాంతిని దాటించే వార్ప్ డ్రైవ్ గురించి ఒక్క మాట చాలు. 1994లో అల్కుబియెర్ అనే మెక్సికో శాస్త్రవేత్త, నౌక ముందు స్థలాన్ని ముడిచి, వెనక సాగదీసే ఒక పరిష్కారం ఐన్‌స్టీన్ సమీకరణాల్లోనే చూపించాడు. దానికి రుణాత్మక శక్తి భారీ మోతాదులో కావాలి. అంత మోతాదులో అది ఎక్కడా దొరకలేదు. దొరికినా, 3:36కి వచ్చే జవాబు చిక్కు అలాగే ఉంటుంది.

మీ తాతగారికి నా నమస్కారాలు చెప్పండి. యక్షుడు గాలి కంటే వేగమైనది ఏదని అడిగితే ధర్మరాజు మనసు అన్నాడు. గాలితో పోటీ కాబట్టి ఆ జవాబులో తప్పు లేదు. కానీ మన నరాల్లో కబురు మహా అయితే సెకనుకు 120 మీటర్లు పోతుంది. మీరు కళ్లు మూసుకుని ఆండ్రోమెడా గెలాక్సీని తలచుకున్నప్పుడు అక్కడికి వెళ్లిందేమీ లేదు, అక్కడ మారిందీ ఏమీ లేదు. చంద్రుడి మీద లేజర్ మచ్చ చుట్టమే అదీ. తాతగారు ఒప్పుకోకపోతే వాదించకండి.

ప్రాజెక్టు విషయానికి వస్తే, నేను చెప్పిన పల్స్ పద్ధతే చేయండి. దారి కనీసం పది మీటర్లు ఉండాలి, కారిడార్ అయితే నయం. ఆసిలోస్కోపు వంద మెగాహెర్ట్జ్‌కు తగ్గకుండా చూసుకోండి. ఒక్క దూరంతో లెక్క వేయకండి. అద్దాన్ని నాలుగైదు చోట్లకు జరుపుతూ కొలిచి, దూరానికీ సమయానికీ గ్రాఫు గీసి, వాలు నుంచి వేగం తీయండి. అప్పుడు కేబుల్ తేడా ఉన్నా అది గీతను పక్కకు జరుపుతుందే తప్ప వాలును మార్చదు. అయినా సరే, మొదలుపెట్టే ముందు ఒకసారి బల్ల కిందికి వంగి, రెండు వైర్లూ ఒకే పొడవున్నాయో లేదో చూడండి. కనెక్టర్లు కూడా చేత్తో తిప్పి చూడండి.